నిమ్మ తులసి ఎలా పెంచాలి, వాసన పోకుండా ఎలా వండాలి

"మొక్క బాగా వచ్చింది, ఆకు నలిపితే గుప్పున నిమ్మ వాసన వస్తోంది, వంటలో వేస్తే మాత్రం ఏమీ తెలియడం లేదు." నిమ్మ తులసి, అంటే లెమన్ బేసిల్ గురించి ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ తర్వాత ఎక్కువగా వచ్చే ప్రశ్న: "జానెడు కూడా పెరగకముందే పూత వచ్చేసింది, ఏం చేయాలి?" రెండింటికీ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది మామూలు బేసిల్ (పాశ్చాత్య వంటల్లో వాడే తులసి రకం) కంటే త్వరగా పూస్తుంది, దీని వాసన వేడికి త్వరగా ఎగిరిపోతుంది. ఈ రెండు విషయాలు గుర్తుంటే మిగతాదంతా తేలికే.

ఆ వాసనకి కారణం సిట్రాల్ అనే పదార్థం. నిమ్మగడ్డి వాసనకీ ముఖ్యమైన కారణం ఇదే. ఆకు పైన ఉండే సన్నని నూనె గ్రంథుల్లో ఇది ఉంటుంది. ఆకు నలిగినా, ఎండినా, మరిగినా గాలిలో కలిసిపోతుంది. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

విత్తనం కొనేటప్పుడు చూడాల్సినవి

ప్యాకెట్ మీద 'లెమన్ బేసిల్' అని ఉంటే చాలు. శాస్త్రీయ నామం ఓసిమమ్ ఆఫ్రికానమ్ అని ఉండొచ్చు, పాత పేరు సిట్రియోడోరమ్ అని ఉండొచ్చు, రెండూ ఒకటే. మామూలు స్వీట్ బేసిల్‌కీ, ఓసిమమ్ అమెరికానమ్ అనే మరో జాతికీ పుట్టిన సంకరం ఇది. ఆకు సన్నగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. పువ్వులు తెలుపు.

కొంచెం పెద్ద ఆకు కావాలనుకుంటే 'మిసెస్ బర్న్స్ లెమన్' అనే రకం చూడండి. 'స్వీట్ డానీ' అనే రకం అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీలో తయారైంది, 1998లో కొత్త తోట రకాలకి ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ పురస్కారం అందుకుంది. సిట్రాల్ ఎక్కువగా ఉండేలా ఎంపిక చేసిన రకం కాబట్టి వంట కోసమే పెంచేవాళ్లకి నేను ముందుగా దీన్నే చెబుతాను.

కావలసినవి

- అడుగున రంధ్రాలున్న కుండీ, కనీసం 20 సెం.మీ. వెడల్పు, అంతే లోతు
- నీరు నిలవని వదులు మట్టి: రెండు వంతులు మట్టి, ఒక వంతు వర్మీకంపోస్ట్ లేదా బాగా మాగిన ఎరువు, ఒక వంతు కోకోపీట్ లేదా ముతక ఇసుక
- స్ప్రే సీసా
- పదునైన చిన్న కత్తెర
- రోజుకి ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు

ఎండ విషయంలో మాత్రం రాజీ పడకండి. మట్టి కాస్త అటూ ఇటూ అయినా మొక్క సర్దుకుంటుంది. నీడలో పెరిగితే మాత్రం కాడ సన్నగా సాగుతుంది, ఆకులు దూరం దూరంగా వస్తాయి, వాసన పలచగా ఉంటుంది. ఎండ రాని ఇల్లయితే ఎల్‌ఈడీ గ్రో లైట్ కింద రోజుకి 12 నుంచి 14 గంటలు పెట్టి పెంచుకోవచ్చు.

పెంచే పద్ధతి

1. చలి పూర్తిగా తగ్గాకే విత్తండి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే బేసిల్ ఆకులు నల్లబడతాయి, మంచు గడ్డకట్టేంత చలి వేస్తే మొక్క చచ్చిపోతుంది. మట్టి 20 నుంచి 30 డిగ్రీల మధ్య వెచ్చగా ఉంటే విత్తనాలు చకచకా మొలుస్తాయి. తొందరపడి చలిలో విత్తినవాళ్లకంటే మూడు వారాలు ఆగి విత్తినవాళ్ల మొక్కలే ముందు కోతకి వస్తాయి.

2. ముందు మట్టిని బాగా తడిపి, తర్వాత విత్తనం చల్లండి. చల్లాక పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ కొట్టుకుపోయి ఒక మూలకి చేరతాయి. వేలితో మెల్లగా నొక్కి, పైన అర సెంటీమీటరు కంటే తక్కువ మందంలో సన్నని మట్టి జల్లితే చాలు. లోతుగా పూడ్చడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు.

 తడి తగలగానే ప్రతి గింజ చుట్టూ తెల్లని జిగురు పొర వస్తుంది. సబ్జా గింజలు నానినట్టే ఉంటుంది. బూజు పట్టిందని పారేయకండి, ఈ గింజలు తడిస్తే సహజంగా వచ్చేదే అది.

3. మొలక వచ్చేదాకా స్ప్రేతో తడి ఆరకుండా చూడండి. 5 నుంచి 10 రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. కుండీ మీద పాలిథిన్ కవర్ కప్పి ఉంటే మొలక కనబడగానే తీసేయండి. గాలి ఆడకపోతే నారుకుళ్ళు వచ్చి మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. రెండు వారాలు దాటినా ఏమీ రాకపోతే గింజ పాతదో, చలి ఎక్కువైందో అనుకోవాలి. మళ్లీ విత్తడమే మంచిది.

4. రెండు జతల అసలు ఆకులు (మొలకతో వచ్చే మొదటి జత లెక్కలోకి రాదు) వచ్చాక పలచన చేయండి. 20 సెం.మీ. కుండీకి రెండు మూడు మొక్కలు చాలు. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ 20 నుంచి 30 సెం.మీ. ఎడం ఉండాలి. ఎక్కువైన మొలకల్ని పీకితే పక్క మొక్క వేర్లు కదులుతాయి, అందుకే కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. కత్తిరించినవి సలాడ్‌లో వేసుకోండి, చాలా లేతగా ఉంటాయి. నారు పోసి మార్చి నాటడం కుదరదని కాదు గానీ వేరు కదిలితే ఈ మొక్క కొన్నాళ్లు బెంగపెట్టుకుంటుంది, కంగారులో ముందుగానే పూస్తుంది కూడా. నేరుగా కుండీలో విత్తడమే నా సలహా.

5. నీళ్లు పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర పోయండి. వేలు రెండు సెంటీమీటర్లు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే పోయాలి, తడి ఉంటే ఆగాలి. రోజూ ఇన్ని గ్లాసులు అని లెక్క పెట్టుకుంటే వర్షం రోజున వేర్లు కుళ్లుతాయి, ఎండ రోజున మొక్క వాడుతుంది. మధ్యాహ్నం కాస్త వాలి సాయంత్రానికి లేచి నిలబడితే భయం లేదు. పొద్దున్నే వాలి ఉంటే మట్టి చూడండి. తడిగా ఉండి కూడా వాలితే సమస్య వేర్లలోనే ఉంది.

6. ఎరువు తక్కువే వేయండి. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దదై చూడ్డానికి బాగుంటుంది గానీ వాసన తగ్గుతుంది.

7. తల తుంచడం. అసలు కిటుకు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

 మొక్క 12 నుంచి 15 సెం.మీ. ఎత్తుకి వచ్చి, మూడు నాలుగు జతల ఆకులు పెట్టగానే పై కొనని కత్తిరించాలి. ఎక్కడ కత్తిరించాలన్నదే ముఖ్యం. ఆకుల జత కాడని కలిసే చోటు గణుపు. ఆ గణుపులో రెండు చిన్న చిగుళ్లు కనిపిస్తాయి. ఆ గణుపుకి కాస్త పైన కత్తిరించండి. వారం పది రోజుల్లో ఆ రెండు చిగుళ్లూ రెండు కొమ్మలవుతాయి. అవి మళ్లీ రెండు మూడు జతల ఆకులు పెట్టగానే ఇదే పని చేయండి. ఒక్క కాడ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

 చాలామంది మొక్క మీద జాలితో కింది పెద్ద ఆకులు ఒక్కొక్కటీ గిల్లుకుని, పై కొనని వదిలేస్తారు. ఇది తలకిందులు. మొక్కకి ఆహారం తయారు చేసేవి కింది పెద్ద ఆకులే. పూత వచ్చేది పై కొనలో. కోయాల్సింది కొన, ఉంచాల్సింది కింది ఆకు. ఒకేసారి మొక్కలో మూడో వంతుకి మించి కోయకండి. ఆకులు లేని ముదురు కాడ దాకా నరికితే మళ్లీ చిగురు రాకపోవచ్చు.

8. పూత మొగ్గ కనబడగానే తీసేయండి. పువ్వు ఒక్కదాన్నే గిల్లితే సరిపోదు, దాని కింద రెండు జతల ఆకులతో సహా కత్తిరించండి. నిమ్మ తులసి ఎండలు ముదిరితే వారానికోసారి కొత్త మొగ్గలు వేస్తూనే ఉంటుంది, కాబట్టి వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి. పూత ముదిరాక ఆకు చిన్నదవుతుంది, కాస్త చేదు తగులుతుంది. ఎంత తీసినా పూత ఆగకపోతే మొక్క వయసైపోయిందని అర్థం. ఇది ఏకవార్షికం, అంటే ఒక్క ఏడాదిలోనే జీవితం ముగిసే మొక్క, దానితో పోరాడి లాభం లేదు. అందుకే మూడు నాలుగు వారాలకోసారి ఇంకో కుండీలో కాసిని గింజలు వేస్తూ ఉండండి.

విత్తనాలు లేకపోతే కొమ్మతో కూడా మొక్క వస్తుంది. పూత లేని 10 సెం.మీ. కొమ్మ తీసుకుని, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో వెలుతురున్న చోట పెట్టండి. రెండ్రోజులకోసారి నీళ్లు మార్చండి. ఒకటి రెండు వారాల్లో వేర్లు వస్తాయి. వేరు మూడు సెంటీమీటర్లు రాగానే కుండీలోకి మార్చండి, మరీ పొడుగయ్యేదాకా ఆగితే నాటేటప్పుడు విరిగిపోతాయి.

మొక్కకి జబ్బు చేస్తే

చిగుళ్ల కింద చిన్న చిన్న పురుగులు గుంపుగా ఉండి, ఆకు జిగటగా ఉంటే పేనుబంక. తెల్లదోమ అయితే మొక్క కదిలించగానే ఎగురుతుంది. ముందు నీళ్ల ధారతో ఆకుల అడుగు భాగం కడగండి, రెండు మూడు రోజులు వరసగా. చాలావరకు దీంతోనే పోతాయి. పోకపోతే సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. వేపనూనె కూడా పనిచేస్తుంది గానీ దాని చేదూ వాసనా ఆకుకి పట్టుకుంటాయి, కొట్టిన వెంటనే కోసి తినలేం. వంటకి పెంచే మొక్క మీద అది చివరి మార్గంగానే ఉంచండి.

ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున బూడిద రంగు బూజు ఉంటే డౌనీ మిల్‌డ్యూ అనే బూజు తెగులు. స్వీట్ బేసిల్‌ని ఇది బాగా దెబ్బతీస్తుంది, నిమ్మ రకాల్లో తక్కువ. కనబడితే ఆ మొక్కని తీసి కవర్‌లో కట్టి పారేయండి, కంపోస్ట్‌లో వేయకండి. మిగతా మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం పెంచి, ఆకుల మీద నీళ్లు పడకుండా చూడండి. కింది ఆకులు ఒకటి రెండు పండి రాలితే అది తెగులు కాదు, వయసు.

కోయడం, దాచడం

పొద్దున మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. అప్పుడు ఆకు బిగువుగా ఉంటుంది. వాసన సరిగా ఉందో లేదో చూడాలంటే, ఉల్లీ వెల్లుల్లీ ముట్టుకోని చేత్తో మధ్య ఆకు ఒకటి నలిపి చూడండి. నిమ్మతొక్క గీరినప్పటి వాసన వెంటనే రావాలి. గడ్డి వాసనే ఎక్కువగా వస్తే ఎండ చాల్లేదనో, పూత దాటిపోయిందనో, అసలు విత్తనమే వేరే రకమనో అనుమానించాలి.

ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి రాత్రే నల్లబడిందని చాలామంది రాస్తారు. చలి పడదని ముందే చెప్పాను కదా, కోశాక కూడా అంతే. కొమ్మల్ని నీళ్ల గ్లాసులో నిలబెట్టి గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి, నాలుగైదు రోజులు బాగుంటాయి. కడగడం వాడే ముందే.

ఎండబెట్టడం నేను చెప్పను. ఎండిన ఆకులో నిమ్మ వాసన చాలావరకు పోతుంది. ఎక్కువ కోత వస్తే కాస్త నూనెతో ముద్ద చేసి ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, తర్వాత జిప్ కవర్‌లోకి మార్చండి. రంగు ముదురుతుంది, వాసన చాలావరకు నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. తాజా ఆకుల్ని సీసాలో నూనె పోసి బయట అలంకారంగా పెట్టకండి. గాలి తగలని తడి ఆకులో బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు, వాసనలో రుచిలో ఏ తేడా తెలియకుండానే. నూనెలో వేసింది ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి, లేదా ఫ్రీజర్‌లో ఉంచాలి.

వండే పద్ధతి

1. లేత కాడలతో సహా ఆకు తుంచండి, ముదురు కాడలు తీసేయండి. కడిగి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆకు తరిగితే నల్లబడుతుంది.

2. చేత్తో తుంచండి, లేదా పదునైన కత్తితో ఒక్కసారే కోయండి. మొద్దు కత్తితో పదేపదే కోస్తే వాసనంతా చెక్క పీటకే పోతుంది. ముందే తరిగి పక్కన పెట్టకండి.

3. స్టవ్ ఆపండి. ఆ తర్వాతే ఆకు వేయండి. ఒకసారి కలిపి మూత పెట్టి రెండు నిమిషాలు ఆగండి. "కూరలో వేస్తే తెలియడం లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది పోపులోనో, ఉడుకుతున్నప్పుడో వేసినవాళ్లే.

4. ధారాళంగా వేయండి. ఇద్దరు తినే వంటకి గుప్పెడు ఆకు కావాలి. అలంకారానికి నాలుగు ఆకులు వేస్తే ఏమీ తెలియదు.

5. పులుపు విడిగా చేర్చండి. ఇది చాలామంది గమనించని సంగతి. ఈ ఆకులో నిమ్మ వాసన ఉంటుంది గానీ నిమ్మ పులుపు ఉండదు. పులుపు లేని వంటలో ఈ వాసన ఒంటరిగా, సబ్బులా అనిపించొచ్చు. కాస్త నిమ్మరసం పిండితే వెంటనే కుదురుతుంది. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు గోధుమ రంగులోకి మారుతుంది కాబట్టి, రసం వడ్డించేటప్పుడే పిండండి.

పులుపు లేకపోవడం వల్ల ఒక గొప్ప లాభం ఉంది. నిమ్మరసం వేస్తే పాలు విరుగుతాయి, ఈ ఆకు వేస్తే విరగవు. అరలీటరు పాలో క్రీమో వేడి చేసి, దించాక గుప్పెడు ఆకు వేసి, మూత పెట్టి ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టండి. ఐస్‌క్రీమ్‌కి, కస్టర్డ్‌కి ఇంత శుభ్రమైన నిమ్మ సువాసన మరో దారిలో రావడం కష్టం.

ఈ ఆకుని రోజువారీ వంటగా చేసుకున్న చోట్ల పద్ధతి చూసినా ఇదే కనిపిస్తుంది. ఇండోనేషియాలో దీన్ని కెమాంగి అంటారు, కారం కారంగా ఉండే సంబల్ అనే మిరప పచ్చడితో పచ్చి ఆకే తినేస్తారు. థాయ్‌లాండ్‌లో మేంగ్‌లక్ అంటారు, కేంగ్ లియాంగ్ అనే కూరగాయల సూప్‌లో చివర వేస్తారు. ఇండోనేషియా వాళ్ల పెపెస్ మాత్రం దీనికి భిన్నం. చేపకి మసాలా, ఆకు పట్టించి అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. అక్కడ ఆకు ఉడికినా పొట్లం మూసి ఉంటుంది కాబట్టి వాసన చాలావరకు లోపలే ఉంటుంది. మీరూ చేపనో, పుట్టగొడుగులనో ఇలా పొట్లం కట్టి వండొచ్చు. పొట్లం విప్పడం భోజనం పళ్లెం దగ్గరే.

ముద్ద చేయాలంటే: రెండు కప్పుల ఆకు, గుప్పెడు జీడిపప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఐదారు చెంచాల నూనె, ఉప్పు. ముందు పప్పు, వెల్లుల్లి, నూనె మిక్సీలో మెత్తగా చేసుకోండి. ఆకు చివర్లో వేసి, ఆపి ఆపి తిప్పండి. మిక్సీ వేడెక్కితే వాసన అక్కడే పోతుంది. రంగు పచ్చగా నిలవాలంటే ఆకుని మరిగే నీళ్లలో పది సెకన్లు ముంచి ఐస్ నీళ్లలో వేసి పిండుకోవచ్చు, కానీ వాసన కొంత తగ్గుతుంది. నేనైతే రంగు వదులుకుంటాను.

షర్బత్‌కి: కప్పు పంచదార, కప్పు నీళ్లు కరిగేదాకా వేడి చేసి దించండి. కప్పు ఆకు వేసి మూత పెట్టి అరగంట ఉంచి వడకట్టండి. ఫ్రిజ్‌లో వారం రోజులు బాగుంటుంది. పుచ్చకాయ, దోసకాయ, పైనాపిల్ ముక్కల మీద కూడా పోసుకోవచ్చు.

సరిగా వచ్చిందో లేదో చూడటం

ఒకే కూరని రెండు గిన్నెల్లోకి తీయండి. ఒకదాంట్లో ఆకు వేసి పది నిమిషాలు ఉడికించండి, రెండోదాంట్లో స్టవ్ ఆపాక వేయండి. పక్కపక్కన రుచి చూడండి. ఒక్కసారి ఇలా చూస్తే ఆకు ఎప్పుడు వేయాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. చివర్లో వేసిన గిన్నెలో కూడా వాసన లేకపోతే లోపం వంటలో లేదు, మొక్కలో ఉంది: ఎండ, పూత, ఎరువు, ఈ వరసలో చూసుకోండి. రెండు గిన్నెల్లోనూ ఆకు నములుతుంటే చేదు తగిలితే ముదురు ఆకు కోశారని అర్థం.

నిమ్మ తులసి దొరకని రోజున మామూలు బేసిల్‌తో కాస్త నిమ్మతొక్క గీరి వేసుకోండి. అచ్చంగా అదే రాదు గానీ పని జరుగుతుంది.

గింజలు దాచుకోవాలంటే

ఒక మొక్కని పూతకి వదిలేయండి. పూకంకి గోధుమ రంగులోకి మారి ఎండాక కోసి, కాగితం మీద నలిపి, ఊది, నల్లని గింజలు తీయండి. పక్కనే వేరే బేసిల్ రకాలు పూస్తూ ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, వచ్చే మొక్కల్లో నిమ్మ వాసన ఉండకపోవచ్చు. ఆ సమయంలో మిగతావాటి పూత తుంచేయండి. బాగా ఆరిన గింజలు చల్లని, పొడి చోట మూడు నాలుగేళ్లు మొలిచే శక్తితో ఉంటాయి.

ఈ గింజలు నానబెట్టి షర్బత్‌లో వేసుకుని తాగొచ్చు కూడా. చెంచా గింజలకి కప్పు నీళ్లు పోసి పావుగంట ఆగండి, పూర్తిగా ఉబ్బాకే తాగండి. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగకండి, గొంతులోనే ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది. నాటడానికి కొన్న ప్యాకెట్ గింజలకి మందు పట్టించి ఉండొచ్చు, వాటిని తినడానికి వాడొద్దు.